ధర పడినా పట్టు వీడని లీ బ్యుంగ్ చుల్

కాలాపేట (పుదుచ్చేరి): కాలాపేట ప్రధాన ప్రాంగణంగా గల పాండిచ్చేరి విశ్వవిద్యాలయం 1985లో పార్లమెంటు చట్టం ద్వారా ఏర్పడింది. సరిగ్గా అదే సంవత్సరం ప్రపంచ విపణిలో కంప్యూటర్ మెమరీ చిప్‌ల ధరలు కుప్పకూలాయి. ఈ రెండింటికీ సంబంధం లేదు. అయితే యానాం నుంచి ఇక్కడికి వచ్చి చదువుకునే తెలుగు విద్యార్థి కంప్యూటర్ కొనబోయినప్పుడు, నిరుటి ధర ఈ ఏడు ఎందుకు లేదన్న ప్రశ్నకు సమాధానం ఆనాటి ఉదంతంలోనే లభిస్తుంది. పన్ను రాయితీల కాలంలో పుదుచ్చేరి పరిసరాల్లో హెచ్.సి.ఎల్., ఏసర్ వంటి సంస్థలు కంప్యూటర్ల కూర్పు కర్మాగారాలు నెలకొల్పినా, వాటిలో అమర్చే మెమరీ చిప్‌లు మాత్రం విదేశాల నుంచి దిగుమతి అయినవే. వాటి ధరల ఆటుపోట్లను తట్టుకుని, వాటితోనే తన సంస్థను అగ్రస్థానానికి చేర్చిన వ్యక్తి దక్షిణ కొరియాకు చెందిన శామ్‌సంగ్ స్థాపకుడు లీ బ్యుంగ్ చుల్.

బియ్యం మరతో తొలి దెబ్బ

లీ 1910 ఫిబ్రవరి 12న దక్షిణ గ్యోంగ్‌సాంగ్ రాష్ట్రంలోని ఉయిర్యోంగ్‌లో సంపన్న భూస్వామి కుటుంబంలో జన్మించారు. అదే సంవత్సరం కొరియాను జపాన్ తనలో కలిపేసుకుంది. ఆయన టోక్యోలోని వసేదా విశ్వవిద్యాలయంలో చేరి, చదువు పూర్తి చేయకుండానే స్వదేశానికి తిరిగివచ్చారు. 1936లో భాగస్వాములతో కలిసి మసాన్ రేవు పట్టణంలో బియ్యం మర స్థాపించారు. వచ్చిన లాభాలకు బ్యాంకు అప్పులు జోడించి విస్తారంగా భూములు కొన్నారు. 1937లో చైనా, జపాన్‌ల మధ్య యుద్ధం రావడంతో బ్యాంకులు అప్పులు నిలిపివేశాయి. భూముల ధరలు పడిపోయాయి. మరను, భూములను అమ్మి బాకీలు తీర్చవలసి వచ్చింది. ధర పెరుగుతున్నప్పుడు అప్పు చేసి కొన్నవాడు, ధర పడినప్పుడు నిలదొక్కుకోలేకపోతే సర్వం కోల్పోతాడన్న పాఠం ఆయనకు 27 ఏళ్ల వయసులోనే అనుభవంలోకి వచ్చింది.

1938లో డేగు నగరంలో ఎండుచేపలు, పండ్లు, కూరగాయల ఎగుమతి వ్యాపారంగా శామ్‌సంగ్‌ను ప్రారంభించారు. ఆ పేరుకు మూడు నక్షత్రాలని అర్థం. 1950 నాటి కొరియా యుద్ధంలో సియోల్‌లోని ఆస్తిని పోగొట్టుకుని, బూసాన్‌లో మళ్లీ మొదలుపెట్టి, 1953లో పంచదార, 1954లో ఉన్ని వస్త్రాల పరిశ్రమలు నెలకొల్పారు. ఆయన జీవితంలో మచ్చ కూడా లేకపోలేదు. 1966లో ఆయన ఎరువుల సంస్థ శాకరిన్‌ను దొంగతనంగా దిగుమతి చేసినట్లు బయటపడడంతో ఆ సంస్థను ప్రభుత్వానికి అప్పగించి, కొంతకాలం వ్యాపారానికి దూరంగా ఉన్నారు. 1969లో శామ్‌సంగ్ ఎలక్ట్రానిక్స్ ఆవిర్భవించింది.

73వ ఏట కొత్త పందెం

1976లో ఉదర క్యాన్సర్‌కు శస్త్రచికిత్స చేయించుకున్న లీ, 1983 ఫిబ్రవరిలో టోక్యో నుంచి మెమరీ చిప్‌ల రంగంలోకి ప్రవేశిస్తున్నట్లు ప్రకటించారు. అప్పటికి ఆయన వయసు దాదాపు 73 సంవత్సరాలు. స్వదేశంలోనూ, వెలుపలా ఈ నిర్ణయంపై పెదవి విరిచినవారే అధికం. కాగా ఆ డిసెంబర్‌కే శామ్‌సంగ్ 64కె డి-ర్యామ్ చిప్‌ను రూపొందించినట్లు ప్రకటించింది. గిహ్యుంగ్‌లో కర్మాగారం 1984లో సిద్ధమైంది.

అది సిద్ధమయ్యే సరికి విపణి తిరగబడింది. 1984లో సుమారు 4 డాలర్లు పలికిన 64కె చిప్ ధర 1985లో అర డాలర్ లోపునకు దిగజారింది. తయారీ ఖర్చు కూడా రాని పరిస్థితి. 1985లోనే అమెరికాకు చెందిన ఇంటెల్ డి-ర్యామ్ తయారీకి స్వస్తి చెప్పింది.

ఈ పతనానికి కారణం అర్థం చేసుకోవడం కష్టం కాదు. ఒక ఏడు మిర్చికి మంచి ధర వస్తే మరుసటి ఏడు గుంటూరు ప్రాంత రైతులందరూ మిర్చే వేస్తారు. పంట ఒక్కసారిగా యార్డుకు చేరగానే ధర పడిపోతుంది. మెమరీ విషయంలోనూ జరిగేది అదే. చిప్‌ల కర్మాగారం కట్టి, యంత్రాలు బిగించి, ఉత్పత్తి అందుకోవడానికి రెండేళ్ల వరకూ పడుతుంది. ధర బాగున్నప్పుడు అందరూ కట్టడం మొదలుపెడితే అందరి సరుకూ ఒకేసారి విపణికి వస్తుంది. పెట్టుబడిలో అధిక భాగం ముందే ఖర్చయి ఉంటుంది కనుక, నష్టం వస్తున్నా యంత్రాలను ఆపడానికి ఎవరూ తొందరపడరు. ఒకే ప్రమాణానికి తయారయ్యే చిప్‌లలో ఒక సంస్థ సరుకుకూ మరో సంస్థ సరుకుకూ పెద్దగా తేడా ఉండదు కాబట్టి పోటీ అంతా ధర మీదనే సాగుతుంది. కొద్దిపాటి మిగులు కూడా ధరను పాతాళానికి నెట్టగలదు. ఆ తరువాత ఎవరూ కొత్త కర్మాగారం కట్టరు. గిరాకీ పెరిగేసరికి కొరత ఏర్పడి, ధర మళ్లీ ఆకాశాన్నంటుతుంది.

లీ చేసినది దీనికి విరుద్ధం. నష్టాలు పేరుకుపోతున్నా, ధరలు కోలుకోకముందే, 1987లో మూడవ ఉత్పత్తి విభాగం నిర్మాణం మొదలుపెట్టించారు. అప్పటికే అమెరికా, జపాన్‌ల మధ్య 1986లో కుదిరిన ఒప్పందం ఫలితంగా జపాన్ సంస్థలు ఉత్పత్తిని తగ్గించుకున్నాయి. వ్యక్తిగత కంప్యూటర్లకు గిరాకీ పెరిగింది. 1988లో మెమరీ ధరలు ఎగబాకి, శామ్‌సంగ్ పాత నష్టాలన్నీ పూడ్చుకుంది. అయితే ఆ లాభాన్ని కళ్లజూడడానికి లీ లేరు. ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో 1987 నవంబర్ 19న కన్నుమూశారు. మూడవ కుమారుడు లీ కున్ హీ పగ్గాలు చేపట్టారు. 1992 నాటికి డి-ర్యామ్‌లో శామ్‌సంగ్ ప్రపంచంలోనే అగ్రస్థానానికి చేరింది.

తగ్గని ఆటుపోట్లు

ఆయన తరువాతా ఈ చక్రం ఆగలేదు. 1993 జులైలో జపాన్‌లోని నిహామాలో చిప్‌ల పైపూతకు వాడే రెసిన్ కర్మాగారంలో పేలుడు సంభవించగానే ధరలు భగ్గుమన్నాయి. 1996లో మళ్లీ కుప్పకూలాయి. 2023లో శామ్‌సంగ్ చిప్‌ల విభాగమే భారీ నష్టాలు చవిచూసి ఉత్పత్తిని తగ్గించుకుంది. కృత్రిమ మేధ కేంద్రాల గిరాకీతో 2025 చివరి నెలల్లో ధరలు మళ్లీ బాగా పెరిగాయి.

ధర పడిన ప్రతిసారీ కొనుగోలుదారు సంతోషించడం సహజం. కాని ఆ పతనాల్లోనే ఒక్కొక్క సంస్థ రంగం నుంచి తప్పుకోగా, డి-ర్యామ్ ఉత్పత్తిలో సింహభాగం శామ్‌సంగ్, ఎస్.కె. హైనిక్స్, మైక్రాన్ అనే మూడు సంస్థల చేతుల్లోకి చేరింది. అమ్మేవారు ముగ్గురే మిగిలినప్పుడు కొరత కాలంలో కొనేవారికి బేరమాడే అవకాశం అంతంతమాత్రమే. లీ పట్టుదల ఆయన సంస్థను నిలబెట్టింది. చౌక ధరల కాలంలో పోటీదారులు తప్పుకున్నందుకు మూల్యాన్ని, ధరలు పెరిగిన ప్రతిసారీ, కాలాపేటలో కంప్యూటర్ కొనే విద్యార్థి కూడా చెల్లిస్తున్నాడు.