కుమ్మరి జోసయా వెడ్జ్‌వుడ్

మన గ్రామములలో కుమ్మరి సారెను కఱ్ఱతో త్రిప్పి విడిచి, అది తిరుగుచుండగా రెండు చేతులతో కుండను లేవనెత్తును. పదునెనిమిదవ శతాబ్దిలో ఇంగ్లండు దేశపు కుమ్మరులు సారెను కాలితో తన్ని త్రిప్పెడివారు. కావున కాలి బలము లేనివానికి అచ్చట సారెపని దక్కుట కష్టము. అట్టి బలహీనమగు కాలు గల బాలు డొకడు తన దేశపు కుమ్మరులలో అగ్రగణ్యు డెట్లయ్యెనో మా విద్యార్థులకు తెలుప దలచి ఈ చరిత్రమును వ్రాయుచున్నాము.

జోసయా వెడ్జ్‌వుడ్ 1730వ సంవత్సరమున స్టాఫర్డ్‌షైర్ మండలములోని బర్స్‌లెం అను ఊర జన్మించెను. ఆ ప్రాంతమున బంకమన్నును రాతిబొగ్గును లభించుటచే పెక్కు కుటుంబములు మట్టిపాత్రలు చేసి జీవించుచుండెను. జోసయా తండ్రి థామసునకును చర్చి ఆవరణము చెంత ఒక చిన్న కార్ఖానా యుండెను. పెక్కుమంది సంతానములో జోసయా కడపటివాడు. 1739లో తండ్రి మరణింపగా కార్ఖానా పెద్దకుమారునకు సంక్రమించెను. తొమ్మిదేండ్ల ప్రాయముననే జోసయాకు బడి చదువు ముగిసి పని ప్రారంభమయ్యెను.

కొలదికాలమునకు అతనికి మశూచికము సోకెను. ప్రాణము దక్కినను కుడి మోకాలు చెడెను. 1744లో అన్నగారి యొద్ద ఐదేండ్లు పని నేర్చుకొనుటకు ఒప్పందము జరిగెను గాని, సారెను చాలసేపు తన్నుటకు ఆ కాలు సహకరింపలేదు. అందుచే అతడు మట్టిని కలుపుటయందును, పాత్రలకు మెఱుగుపూత పూయుటయందును మనస్సు నిలిపెను. ఏ మన్నులో ఏది యెంత కలిపిన ఏ రంగు వచ్చును? ఎంత వేడికి పాత్ర పగులును? ఈ విచారణలు అన్నగారికి రుచింపలేదు. గడువు తీరిన పిమ్మట తమ్ముని భాగస్వామిగా చేర్చుకొనుటకు ఆయన సమ్మతింపలేదు. తండ్రి కార్ఖానాలో చోటు లేకపోగా జోసయా పరుల నాశ్రయించెను.

1754లో థామస్ వీల్డన్ అను పేరుపొందిన కుమ్మరి అతనిని భాగస్వామిగా చేర్చుకొని ప్రయోగములకు స్వేచ్ఛ నొసగెను. 1759లో జోసయా ప్రయోగముల కొఱకు ఒక పుస్తకము ప్రారంభించెను. ప్రతి మిశ్రమమునకు ఒక సంఖ్య వేసి, పరులు గ్రహింపకుండ సంకేతములతో వ్రాసి, ఫలితమును ప్రక్కన గుర్తించుచుండెను. సఫలమైన ప్రయత్నముతో పాటు విఫలమైన ప్రయత్నమునకును అందు చోటుండెను.

ఆ సంవత్సరముననే ఆయన బర్స్‌లెంలో స్వంతముగా పని ప్రారంభించెను. 1764లో తన బంధువగు సారాను వివాహమాడెను. ఆమె ప్రయోగములలో భర్తకు తోడ్పడుచుండెను. ఆయన మెఱుగుపరచిన మీగడరంగు పాత్రలు 1765లో షార్లెట్ రాణిని మెప్పింపగా, వానికి రాణి పేర వాడుక కలిగెను. కాని పాత్రలను గుఱ్ఱములపై చెడు బాటలలో పంపుటచే అనేకములు పగిలిపోవుచుండెను. అందుచే ఆయన కాలువ త్రవ్వింపవలెనని పాటుపడెను. 1766లో తొలి మట్టిగడ్డను ఆయనయే త్రవ్వెను. సుమారు 93 మైళ్ల ఆ ట్రెంట్-మెర్సీ కాలువ 1777లో పూర్తియయ్యెను. దాని మార్గమున ఎట్రూరియా అను క్రొత్త కార్ఖానా 1769లోనే నెలకొనెను. అచ్చట ఒక్కొక్క పనికి ఒక్కొక్క వర్గమువారు నియమింపబడిరి. వేళ తప్పినవారికి జరిమానా కలదు. ఆ క్రమశిక్షణ పనివారికి కఠినముగా నుండెను.

ఇంతలో మోకాలి బాధ దుర్భరమయ్యెను. 1768 మే 28న వైద్యులు ఆ కాలిని తీసివేసిరి. మత్తుమందు ఎఱుగని కాలమది. పిమ్మట కొయ్యకాలితోనే కార్ఖానా అంతయు తిరుగుచు, లోపము గల పాత్ర కనబడిన ఆ కొయ్యకాలితో పగులగొట్టెడివాడని చెప్పుదురు. రష్యా చక్రవర్తిని కాథరిన్ కొఱకు 900కు పైగా పాత్రలు చేసి, వానిపై ఇంగ్లండు దేశపు దృశ్యములను చిత్రింపించి 1774లో పూర్తిచేసెను. వేలకొలది ప్రయోగముల ఫలితముగా, లేతనీలపు నేలపై తెల్లని బొమ్మలు గల 'జాస్పర్' పాత్రలు వెలువడెను.

కుమ్మరులు ఆవములోని వేడిని నిప్పురంగు చూచి ఊహించెడివారు. మట్టి కాలినకొలది కుదించుకొనునని గమనించి, చిన్న మట్టిబిళ్లలను ఆవములో నుంచి, వాని కుదింపును కొలిచి వేడిని తెలిసికొను సాధనమును వెడ్జ్‌వుడ్ కల్పించెను. తదర్థమై 1783లో రాయల్ సొసైటీ ఆయనను సభ్యునిగా నెన్నుకొనెను. మిక్కిలి హెచ్చు వేడిమి విషయమున ఆయన లెక్కలు వాస్తవమును మించెనని పిదపివారు కనుగొనిరి. అయినను ఊహకు బదులు కొలతను నిలుపవలెనను ప్రయత్నము గొప్పది.

ఆయన పాత్రలలో చక్కెర గిన్నెలును కలవు. నాడు ఇంగ్లండుకు వచ్చు చక్కెర, వెస్టిండీసు దీవులలో నీగ్రో బానిసల చెమటతో పండిన చెఱకునుండి తీసినది. ఆ వ్యాపారము వెడ్జ్‌వుడ్‌ను కలత పెట్టెను. 1787లో సంకెలలతో మోకరిల్లి న్యాయము వేడు బానిస బొమ్మ గల చిన్న బిళ్లలను చేయించి, బానిస వ్యాపార నిర్మూలన సంఘమునకు ఒసగెను. స్త్రీలు వానిని ఆభరణములుగా ధరించిరి. బ్రిటిషు పార్లమెంటు బానిస వ్యాపారమును నిషేధించినది 1807లో. దానిని చూచు భాగ్యము ఆయనకు లేదు. 1795 జనవరి 3న ఎట్రూరియాలో ఆయన కాలధర్మము నొందెను. ఆయన కుమార్తె సుసన్నాయే ప్రఖ్యాత శాస్త్రజ్ఞుడగు చార్లెస్ డార్విన్ తల్లి.

కార్ఖానా తరతరములు ఆ వంశమువారి చేత నడచి, పిదప ఇతరుల పరమయ్యెను. మా విద్యార్థులు గ్రహింపవలసినది ఆయన ప్రయోగ పుస్తకము. తప్పిన లెక్కను చెఱిపివేసిన, తప్పెచ్చట జరిగెనో మరల తెలియదు. దానిని కాగితముపై నిలిపి, ప్రక్కన సరియైన లెక్క వ్రాసికొనుట మేలని మా యభిప్రాయము.