కలుపు గడ్డిలో చెరకు బలాన్ని చదివిన జానకి అమ్మాళ్

అనకాపల్లి: గోదావరి లంకల్లో, ఏటి గట్లపై తెల్లని పూలతో ఊగే రెల్లు గడ్డి రైతు దృష్టిలో కలుపు మాత్రమే. వేళ్లు లోతుగా పాకి, ఎంత తవ్వినా తిరిగి మొలిచే ఈ గడ్డి రక్తమే నేటి చెరకు వంగడాల్లో ప్రవహిస్తోంది. ఆ బంధుత్వాన్ని కణంలోని క్రోమోజోముల ఆధారంగా శోధించిన తొలితరం శాస్త్రవేత్తల్లో అగ్రగణ్యురాలు ఎడవలెత్ కక్కాట్ జానకి అమ్మాళ్. చెరకును, బెల్లాన్ని నమ్ముకున్న జిల్లా రైతాంగం తెలుసుకోదగిన జీవితం ఆమెది.

తలస్సేరి నుంచి మిషిగన్‌కు

జానకి అమ్మాళ్ 1897 నవంబరు 4న కేరళలోని తలస్సేరిలో జన్మించారు. తండ్రి కృష్ణన్ న్యాయాధికారి. మొక్కలపై మక్కువ గలవారు. నాటి సమాజం తక్కువగా చూసిన తియ్య కులం వారిది. ఆడపిల్లలకు అక్షరాభ్యాసమే గగనమైన ఆ రోజుల్లో ఆమె మద్రాసులోని క్వీన్ మేరీస్ కళాశాలలో చదివి, 1921లో ప్రెసిడెన్సీ కళాశాల నుంచి వృక్షశాస్త్రంలో ఆనర్స్ పట్టా పొందారు. అనంతరం విమెన్స్ క్రిస్టియన్ కళాశాలలో అధ్యాపకురాలిగా పనిచేశారు. ఇంట పెళ్లి ప్రయత్నాలు సాగుతున్న తరుణంలో ఆసియా మహిళలకిచ్చే బార్బర్ ఉపకార వేతనం లభించగా, ఆమె చదువువైపే మొగ్గారు. జీవితాంతం అవివాహితగానే ఉన్నారు.

అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయంలో 1931లో డాక్టరేట్ సాధించారు. పరిశోధనకు ఎంచుకున్న మొక్క నికాండ్రా. వంగ కుటుంబానికి చెందిన ఈ మొక్క పలు దేశాల్లో పొలాల కలుపుగా పేరుపడింది. పంట మొక్కనూ, దాని పక్కనే పెరిగే అడవి మొక్కనూ సమదృష్టితో పరిశీలించే అలవాటు ఆమెకు అక్కడే అబ్బింది.

కోయంబత్తూరులో చెరకు పరిశోధన

స్వదేశానికి వచ్చి తిరువనంతపురంలో రెండేళ్లు ఆచార్యురాలిగా పనిచేసిన అనంతరం, 1934లో కోయంబత్తూరు చెరకు ప్రజనన సంస్థలో జన్యుశాస్త్రవేత్తగా చేరారు. 1912లో స్థాపితమైన ఆ సంస్థలో అప్పటికే బార్బర్, టి.ఎస్.వెంకట్రామన్‌లు లావు చెరకుకు రెల్లు గడ్డితో సంకరం జరిపారు. ఆ కృషి ఫలితంగా 1918లో కో 205 విడుదలైంది. లావు చెరకు తీపిని, రసాన్ని ఇవ్వగా, రెల్లు గడ్డి పిలకల బలాన్ని, తెగుళ్లను, నీటి ఎద్దడిని తట్టుకొనే శక్తిని, కార్శి తోటల్లో తిరిగి చిగురించే గుణాన్ని ఇచ్చింది.

సంకరం ఫలించినంత మాత్రాన దాని అంతరార్థం తెలిసినట్లు కాదు. ఏ గుణం ఎటు నుంచి వచ్చింది, ఏ సంకరం నిలుస్తుంది, ఏది గొడ్డుపోతుంది అన్నవి తేలాలంటే క్రోమోజోములను లెక్కించాలి. ఆ బాధ్యతను జానకి అమ్మాళ్ స్వీకరించారు. ఒక్క రెల్లు గడ్డిలోనే ప్రాంతాన్ని బట్టి క్రోమోజోముల సంఖ్య మారుతుండడాన్ని పరిశీలించి, దేశంలో దాని విస్తరణను అధ్యయనం చేశారు. చెరకును దర్భ, జొన్న జాతులతోనూ సంకరపరిచారు. చెరకు, మొక్కజొన్నల సంకరంపై ఆమె వ్యాసం 1938లో ప్రఖ్యాత నేచర్ పత్రికలో వెలువడింది. అయినా పురుషులతో నిండిన ఆ సంస్థలో ఒంటరి మహిళగా ఆమె వివక్షను ఎదుర్కొన్నారు.

1939లో అంతర్జాతీయ జన్యుశాస్త్ర మహాసభకు ఎడిన్‌బరో వెళ్లగా రెండో ప్రపంచ యుద్ధం ఆరంభమైంది. ఆమె ఇంగ్లండులోనే ఉండిపోయి జాన్ ఇన్నెస్ సంస్థలో పరిశోధన కొనసాగించారు. సి.డి.డార్లింగ్టన్‌తో కలిసి రూపొందించిన సాగు మొక్కల క్రోమోజోముల గ్రంథం 1945లో ప్రచురితమైంది. తర్వాత విస్లీలోని రాయల్ హార్టికల్చరల్ సొసైటీ ఉద్యానంలో మాగ్నోలియాలపై పనిచేశారు. అక్కడి ఒక మాగ్నోలియా రకానికి నేటికీ ఆమె పేరే ఉంది.

పెకలించడమా, కాపాడడమా?

ప్రధాని నెహ్రూ ఆహ్వానంపై 1951లో స్వదేశానికి వచ్చి, భారత వృక్ష సర్వేక్షణ సంస్థ పునర్వ్యవస్థీకరణకు ప్రత్యేకాధికారిగా పనిచేశారు. అది దేశం తిండి గింజలకు అలమటిస్తున్న కాలం. మధ్య భారతంలో లక్షల ఎకరాలను ఆక్రమించిన ఇదే రెల్లు గడ్డిని ట్రాక్టర్లతో పెకలించేందుకు 1949లో ప్రపంచ బ్యాంకు కోటి డాలర్ల రుణం మంజూరు చేసింది. కలుపు తీయనిదే పంట లేదు. అడవి గడ్డి పూర్తిగా అంతరిస్తే రేపటి వంగడానికి బలం లేదు. ఈ రెంటి మధ్య వైరుధ్యమే ఆమె మలి జీవితానికి ప్రధానాంశమైంది.

సాగు కోసం అడవులు నరకడం ఆమెను కలచివేసింది. షిల్లాంగ్ సమీపంలో ఒక అరుదైన మాగ్నోలియా చెట్టును వెతుక్కుంటూ 37 మైళ్లు వెళ్లగా, అది కాలిపోయి కనిపించింది. 1955లో అమెరికాలోని ప్రిన్స్‌టన్‌లో భూమిపై మానవుని ప్రభావంపై జరిగిన సదస్సుకు ఆహ్వానం అందుకున్న ఏకైక మహిళ ఆమె. భారతీయుల జీవనాధార వ్యవసాయంపై అక్కడ పత్రం సమర్పించారు.

1977లో పద్మశ్రీ వరించింది. ఎనభయ్యో పడిలోనూ కేరళలోని సైలెంట్ వ్యాలీ అడవిని జలవిద్యుత్ ప్రాజెక్టు నుంచి కాపాడే ఉద్యమానికి అండగా నిలిచి, అక్కడి వృక్షాల క్రోమోజోముల సర్వే చేపట్టారు. 1984 ఫిబ్రవరిలో మద్రాసు సమీపాన మధురవాయల్‌లో తుదిశ్వాస విడిచారు. అదే ఏడాది నవంబరులో ఆ అడవి జాతీయ పార్కుగా ప్రకటితమైంది. ఆ శుభవార్త వినే భాగ్యం ఆమెకు దక్కలేదు.

మన పొలాలతో అనుబంధం

కోయంబత్తూరు సంస్థ వెలసిన మరుసటి ఏడాది, 1913లో, అనకాపల్లిలో వ్యవసాయ పరిశోధన కేంద్రం ఏర్పడింది. చెరకు పూత, సంకరణకు అనువైన కోయంబత్తూరులో జరిపిన సంకరాల విత్తనాన్ని తెచ్చి, ఇక్కడి నేలకు తగిన వంగడాలను ఎంపిక చేయడం ఈ కేంద్రం కృషిలో భాగం. ఎర్రకుళ్లు తెగులు ఒక్కో మేలైన వంగడాన్ని దెబ్బతీసినప్పుడల్లా శాస్త్రవేత్తలు మళ్లీ అడవి బంధువుల వైపే చూడవలసి వస్తోంది. చేలో కలుపును తీయక తప్పదు. ఏటి గట్టున, లంకలో ఉన్న రెల్లును మాత్రం పనికిరానిదిగా భావించరాదన్నదే జానకి అమ్మాళ్ జీవితకాల శ్రమ చెబుతున్న పాఠం.