రాజశేఖర చరిత్రకు పూర్వరంగం – వీరేశలింగం పంతులుగారి జీవితంలో ఒక ఘట్టం

కందుకూరి వీరేశలింగం పంతులుగారి జీవితాన్ని సంఘసంస్కరణ దృష్టితో పరిశీలించడం పరిపాటి. వితంతు వివాహాలు, స్త్రీవిద్య, లంచగొండితనంపై పోరాటం, బ్రహ్మసమాజం – వీటి మధ్య రాజశేఖర చరిత్రము ప్రస్తావన సాహిత్య చరిత్రలలో రెండు మూడు వాక్యాలకు మించి సాగదు. ఆంగ్ల నవలా ప్రభావమనీ, గోల్డ్‌స్మిత్ అనుకరణ అనీ, తెలుగులో తొలి నవల అనీ చెప్పి ముందుకు సాగిపోతారు. కాని 1878 నాటికి వారి వయస్సు ముప్పై ఏండ్లు. ఒకవంక పాఠశాలలో బోధన, మరొకవంక పత్రికా నిర్వహణ, రెంటి నడుమ విడువని ఉబ్బస వ్యాధి. వెనుదిరిగి చూచుకొనడానికి తెలుగులో స్థిరపడిన మార్గమే లేని ప్రక్రియ అది. అట్టి దానిని చేపట్టడానికి వారికి తీరిక ఎక్కడ దొరికింది, ధైర్యం ఎట్లు కలిగింది అన్నది ప్రత్యేకంగా విచారింపదగిన విషయం.

పంతులుగారు 1848 ఏప్రిల్ 16వ తేదీన రాజమహేంద్రవరంలో పున్నమ్మ, సుబ్బారాయుడు దంపతులకు జన్మించారు. నాలుగవ ఏటనే తండ్రి గతించగా పెదతండ్రి వేంకటరత్నం పెంచి పెద్దచేశారు. శైశవంలోనే పట్టుకొన్న ఉబ్బసం జీవితాంతం వారిని వెంటాడింది. బాల్యంలోనే బాపమ్మతో వివాహం జరిగింది. ఆమెయే రాజ్యలక్ష్మి అన్న పేరుతో ఆంధ్రదేశానికి సుపరిచితురాలైంది. చదువు ముగిసిన తరువాత వారి ముందు రెండు మూడు మార్గాలుండెను. ప్రభుత్వ కచేరీలలో కొలువు సంపాదింపవచ్చును, న్యాయవాద వృత్తి స్వీకరింపవచ్చును. మొదటిదానిలో లంచం, రెండవదానిలో అసత్యం తప్పవని భావించి వారు ఉపాధ్యాయ వృత్తినే ఎన్నుకొన్నారు. ఆదాయాన్ని బట్టి చూస్తే ఇది నష్టమే. రచనకు దీనివల్ల ఒరిగిన మేలు మాత్రం స్వల్పం కాదు. ఉపాధ్యాయునికి ధనం కొరవడినా ఉదయ సాయంకాలాలూ, సెలవుదినాలూ అతని వశంలో ఉంటాయి. పంతులుగారి విపుల వాఙ్మయంలో అధికభాగం ఈ కాలఖండాలలో పుట్టినదే కావలెను.

వారి తొలి సాహిత్య వ్యాసంగం మాత్రం నవలకు పూర్తిగా విరుద్ధమైన దిశలో సాగింది. యౌవనంలో వారు రచించిన శుద్ధాంధ్ర నిరోష్ఠ్య నిర్వచన నైషధము పేరే ఆ దిశను తెలుపుతుంది. సంస్కృత పదం దొర్లరాదు, పెదవులు కలిసే అక్షరం రారాదు, వచనం ఉండరాదు. నలుని పేరు చెప్పవచ్చును గాని భీముని పేరు చెప్పడానికి వీలులేని కట్టుబాటు అది. పిమ్మట గద్యతిక్కన అని కీర్తిని పొందిన రచయిత వచనాన్ని బహిష్కరించిన కావ్యంతో తన పాండిత్యాన్ని నిరూపించుకొనవలసి రావడం విచిత్రంగా తోస్తుంది. అయితే ఈ శ్రమను వ్యర్థమని త్రోసివేయరాదు. ఆనాటి పండిత లోకంలో అధికారం పద్యానికే ఉండెను. ఛందస్సులో, శబ్దశుద్ధిలో తనను మించగలవారు అరుదని రుజువు చేసికొన్న పండితుడు సులభ వచనం వ్రాసినప్పుడు, పద్యం వ్రాయలేక వచనం పట్టినాడని ఆక్షేపించడానికి ప్రత్యర్థులకు అవకాశం లేకపోయింది. ఆయనకు వచనం అశక్తత వల్ల వచ్చినది కాదు, అన్నీ చూచి ఏరుకొన్నది.

వచనంలో వారు మొదట అడుగుపెట్టినది పరవస్తు చిన్నయసూరి అడుగుజాడలలోనే. సూరి 1853లో ప్రకటించిన నీతిచంద్రికలో మిత్రలాభ, మిత్రభేదాలు మాత్రమే ఉన్నాయి. శేషించిన విగ్రహ, సంధులను పంతులుగారు తెలిగించారు. సూరి వచనం బిగువైనది, వ్యాకరణ శుద్ధమైనది. ఒక్కొక్క వాక్యం శిల్పి చెక్కిన రాయివలె ఉంటుంది. ఆ బాటలో కొంతదూరం నడచిన పిదప పంతులుగారు క్రమంగా సంధులను సడలించారు, దీర్ఘ సమాసాలను తగ్గించారు. ఈ మార్పు కేవలం శైలీ విషయకమని భావించడం సరికాదు. సంతలో బేరాలు, ఇంటిలోని కలహాలు, జ్యోతిష్కుని మాయమాటలు చెప్పవలసిన కథకు నీతిచంద్రిక భాష ఒదగదు. ఆ భాషలో మృగాలు సంభాషిస్తే ఔచిత్యం చెడదు. ధవళేశ్వరపు గృహస్థు తన భార్యతో సంభాషిస్తే చెడుతుంది.

కోరంగిలోనూ, తరువాత ధవళేశ్వరంలోనూ పాఠశాలలకు ప్రధానోపాధ్యాయులుగా ఉన్నకాలం వారి జీవితంలో కీలకమైనది. ధవళేశ్వరంలో ఉన్నప్పుడే, 1874 అక్టోబరులో, వివేకవర్ధని పత్రికను ప్రారంభించారు. మొదట అది మాసపత్రిక. చెన్నపట్టణంలో అచ్చై రావలసిన పత్రికను కొంతకాలానికి రాజమహేంద్రవరంలో సొంత ముద్రాక్షరశాల పెట్టి అచ్చువేయసాగారు. 1876లో హాస్యసంజీవని కూడ వెలువడింది. కొక్కొండ వేంకటరత్నం పంతులుగారి ఆంధ్రభాషా సంజీవనికీ, వివేకవర్ధనికీ నడచిన వాగ్యుద్ధం ఆనాటి పాఠకులకు పెద్ద వినోదం. న్యాయస్థానాలలోని అవినీతిని బయటపెట్టినందుకు కలిగిన శత్రుత్వాలు వేరు. వీటి మధ్యనే ప్రహసనాలు రచించారు. బ్రహ్మవివాహము, వ్యవహార ధర్మబోధిని వంటి రచనలలో పాత్రలకు తగిన వాడుక మాటలను ప్రయోగించి చూచారు. నవలలోని సంభాషణలకు ఇవి అభ్యాస రంగాలైనాయనడంలో సందేహం అక్కరలేదు.

పత్రిక రచయిత కాలాన్ని హరిస్తుందని సాధారణాభిప్రాయం. పంతులుగారి విషయంలో దీనికి విపర్యయం జరిగింది. ఒక మహాగ్రంథాన్ని ఏకదీక్షతో కూర్చుండి పూర్తిచేసే సావకాశం వారికి ఎన్నడూ లేదు. అట్టి సావకాశం కోసం వేచి ఉంటే రాజశేఖర చరిత్రము పుట్టేదే కాదు. పత్రిక అడిగేది గ్రంథాన్ని కాదు, ఒక ప్రకరణాన్ని. సంచిక వెలువడవలసిన వేళకు అది సిద్ధం కావలసిందే. ఆరోగ్యం బాగుండలేదన్నా, పాఠశాల పని అధికమన్నా అచ్చుయంత్రం ఆగదు. ఈ విధంగా 1878లో నవల వివేకవర్ధనిలో భాగాలుగా ప్రకటితమైంది. గడువు నిర్బంధమైనా అదే తీరికగా పరిణమించింది. ముద్రాక్షరశాల, పత్రిక, పాఠకులు తనవే కావడం చేత, వ్రాసినది వెలుగు చూడదేమో అన్న శంకకు తావు లేకపోయింది. ధారావాహిక రచన వల్ల కలిగిన దోషాలు కూడ గ్రంథంలో కానవస్తాయి. కొన్ని ప్రకరణాలు వర్ణనలతో మందగిస్తాయి, కొన్ని సంఘటనలు కాకతాళీయంగా వచ్చిపడతాయి, మూఢాచారాలపై ఉపన్యాసాలు కథకు అడ్డుతగులుతాయి. సంపాదకీయం వ్రాసే కలమే నవలనూ వ్రాసిందన్న సంగతి అక్కడక్కడ మరుగుపడదు.

ఆత్మవిశ్వాసం మాత్రం ఒక్కదినంలో కలిగినది కాదు. పంతులుగారు మొదట గోల్డ్‌స్మిత్ రచించిన 'వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డ్' నవలను తెలుగు చేయడానికే పూనుకొన్నారు. కొంతభాగం అనువదించిన పిదప అది తృప్తికరంగా లేదని విడిచిపెట్టి, స్వతంత్రంగా కథ కల్పించడానికి నిశ్చయించారు. వారి సాహిత్య జీవితంలో ఇది నిర్ణాయకమైన క్షణం. అనువాదకునికి మూలగ్రంథం ఊతకర్ర. కథ ఎటు సాగుతుందో అన్న చింత ఉండదు. ఆ ఊతను వదలుకొన్నవాడు ప్రతి ప్రకరణానికీ తానే పూచీపడవలసి ఉంటుంది. ఆంగ్ల గ్రామ పురోహితుని కుటుంబాన్ని గోదావరీ తీరానికి తెచ్చి కూర్చోబెట్టితే పేర్లు మారుతాయి గాని మనుష్యులు మారరని వారు గ్రహించి ఉండవలెను. ఇంటి మడి, ఆడబిడ్డ కట్నం, తీర్థయాత్ర, గ్రహణస్నానం, స్వర్ణయోగం పేరిట మోసగించే బైరాగి – వీటికి గోల్డ్‌స్మిత్ వద్ద ఆధారం లేదు.

కథారంగంగా వారు ఎన్నుకొన్నది తాము పనిచేసిన ధవళేశ్వరమే. గోదావరి, ధవళగిరి, జనార్దనస్వామి ఆలయం – ఇవి వర్ణనలకై కల్పించుకొన్నవి కావు, వారు రోజూ చూచినవి. రాజశేఖరుడు సంపన్నుడు, దాత, పొగడ్తలకు లొంగేవాడు. ఆశ్రితులు, జోస్యులు, బంగారం చేసి ఇస్తానన్న బైరాగి అతని ఐశ్వర్యాన్ని హరిస్తారు. కాశీయాత్రకు బయలుదేరిన కుటుంబం దారిలో దొంగల పాలబడి చెల్లాచెదరవుతుంది. కారాగారవాసం, మారువేషాలు, చివరకు రామరాజుగా సంచరించిన పెద్దాపుర ప్రభువు కృష్ణజగపతి ద్వారా న్యాయం – ఈ చట్రంలో గోల్డ్‌స్మిత్ జాడ ఉన్నది. చట్రం లోపలి జీవితం తెలుగువారిది. కథను పెద్దాపుర సంస్థాన ప్రభువుల కాలానికి జరపడంలో ఒక జాగ్రత్త కూడ కానవస్తుంది. ఎత్తిచూపినవి మాత్రం తమ కాలపు దురాచారాలే.

రాజశేఖరుని కుమార్తె రుక్మిణి వృత్తాంతం వద్ద విమర్శకుడు కొంత ఆగవలసి ఉన్నది. ఆమె భర్త నృసింహస్వామి మరణించినాడన్న వార్త వస్తుంది. ఇల్లు శోకంలో మునుగుతుంది. దొంగల దాడిలో దెబ్బతిని తనవారికి దూరమైన రుక్మిణి పురుషవేషం ధరించి ఆత్మరక్షణ చేసికొంటుంది. తుదకు భర్త సజీవుడై తిరిగివస్తాడు. అనగా వితంతువు కష్టాన్ని చిత్రించే అవకాశం రచయిత తీసికొన్నాడు గాని, ఆమె పునర్వివాహం అన్న ప్రశ్నకు సమాధానం చెప్పవలసిన అగత్యాన్ని కథాసంవిధానంతో తప్పించుకొన్నాడు. 1878లో ఈ నవల వెలువడుతున్నప్పుడే సంఘ సంస్కరణ సమాజం ఏర్పడింది. పంతులుగారు వితంతు వివాహాన్ని సమర్థిస్తూ బహిరంగంగా ఉపన్యసించినది 1879 ఆగస్టులో. మొదటి వితంతు వివాహం – గోగులపాటి శ్రీరాములు, గౌరమ్మలది – జరిపించినది 1881 డిసెంబరు 11న. ఈ తేదీలను వరుసగా పెట్టుకొని చూస్తే నవలాకారునికి చాలని ధైర్యం మూడేండ్లలో సంస్కర్తకు చాలినదని స్పష్టమవుతుంది. సాహిత్యం జీవితానికి దారి చూపుతుందని చెప్పడం వాడుక. ఇక్కడ జీవితమే సాహిత్యాన్ని దాటిపోయింది. రుక్మిణికి ఇవ్వలేకపోయిన దానిని గౌరమ్మకు ఇవ్వడానికి వారు బంధువుల దూరీకరణను, వంటవారు, నీళ్లు మోసేవారు సైతం ఇంటికి రాని బహిష్కారాన్ని భరించారు. రాజ్యలక్ష్మమ్మగారు గోదావరి నుండి స్వయంగా నీళ్లు మోసి తెచ్చిన సంగతి సుప్రసిద్ధం.

1880లో రాజశేఖర చరిత్రము గ్రంథరూపం దాల్చింది. వివేకచంద్రిక అన్న నామాంతరం కూడ దీనికి ఉన్నది. పంతులుగారు దీనిని నవల అనలేదు, వచన ప్రబంధమన్నారు. కొత్త ప్రక్రియకు పాతపేరు పెట్టి పండితుల ముందుంచడంలో లోకజ్ఞత ఉన్నది. 1872లోనే నరహరి గోపాలకృష్ణమశెట్టి శ్రీరంగరాజ చరిత్రము వెలువడి ఉండుటచేత ప్రాథమ్య వివాదం చిరకాలంగా నడుస్తున్నది. ఆ చర్చకు ఇది తావు కాదు. 1887లో హచిన్సన్ చేసిన ఆంగ్లానువాదం 'ఫార్చ్యూన్స్ వీల్' అన్న పేరుతో లండనులో ప్రచురితమైంది. ఆంగ్లకథ ప్రేరణతో పుట్టిన తెలుగు గ్రంథం ఆంగ్లంలోకే పోయి పాఠకులను సంపాదించుకొనడం విశేషం. స్వదేశంలో కాశీభట్ట బ్రహ్మయ్యశాస్త్రి నిశితంగా విమర్శించారు. ఇది ఆంగ్ల నవలకు ఛాయ అన్న ఆక్షేపణ అప్పటినుండి ఉన్నదే. ఆ ఆక్షేపణలో కొంత సత్యం లేకపోలేదు. అయినను నవల అన్న మాట తెలుగులో స్థిరపడడానికి ఈ విమర్శకుడే తోడ్పడినట్లు సాహిత్య చరిత్రకారులు చెప్పుదురు. గ్రంథానికి పేరు పెట్టడానికి రచయిత సంకోచిస్తే ప్రతిపక్షి ఆ పని నెరవేర్చినాడన్నమాట.

తరువాత పంతులుగారు నవలా రచనకు ఎక్కువ కాలం కేటాయించలేదు. స్విఫ్ట్ గలివర్ యాత్రలు ఆదర్శంగా సత్యరాజా పూర్వదేశ యాత్రలు రచించారు. కవుల చరిత్రలు, స్త్రీల కోసం గ్రంథాలు, నాటకాలు, ప్రకృతి శాస్త్రాలు వారి కాలాన్ని ఆక్రమించాయి. నవలకు వారు చేసిన రెండవ ఉపకారం సంపాదకత్వం ద్వారా జరిగింది. 1891లో న్యాపతి సుబ్బారావు పంతులుగారు స్థాపించిన చింతామణి పత్రికకు వీరేశలింగంగారు సంపాదకులైనారు. ఆ పత్రిక ఏటేటా నవలల పోటీలు నిర్వహించి బహుమతులు ఇచ్చింది. తనకు వివేకవర్ధని ఏమి చేసిందో అదే ఈ పోటీలు యువ రచయితలకు చేశాయి – ఒక గడువు, ప్రకటనకు హామీ, చదివి తీర్పు చెప్పే పెద్ద ఒకరు. చూపు మందగించిన చిలకమర్తి లక్ష్మీనరసింహంగారు 1894లో రామచంద్ర విజయముతో ఈ పోటీలో ప్రథమ బహుమతి పొందారు. హేమలత, అహల్యాబాయి ఆ వెనుక వచ్చాయి.

పంతులుగారు చెన్నపురి ప్రెసిడెన్సీ కళాశాలలో ఆంధ్ర పండితులుగా కూడ పనిచేశారు. 1910లో రాజ్యలక్ష్మమ్మగారు గతించారు. స్వీయ చరిత్రము రెండు భాగాలుగా 1911, 1915 సంవత్సరాలలో ప్రకటితమైంది. ఆరోగ్యం పూర్తిగా క్షీణించిన తరువాత కూడ కవుల చరిత్రను సవరించి విపులీకరించే పనిని విడువలేదు. 1919 మే 27న చెన్నపట్టణంలో కొమఱ్ఱాజు లక్ష్మణరావు పంతులుగారి ఇంటిలో కన్నుమూసేనాటికి ఆ సవరణ ఇంకను వారి చేతిలోనే ఉండెను.