ద్వారం వేంకటస్వామి నాయుడుగారు

మన చోడవరమునకు చేరువనున్న విశాఖపట్టణమున పెరిగి, విజయనగరమున విద్య గరపి, ఫిడేలు నాదముచే దేశమంతటను కీర్తి గడించిన ద్వారం వేంకటస్వామి నాయుడుగారి చరిత్రము విద్యార్థు లెల్లరును తెలిసికొనదగినది.

నాయుడుగారు 1893వ సంవత్సరము నవంబరు 8వ తేదీన బెంగుళూరున జన్మించిరి. తండ్రిగారు సేనలో ఉద్యోగి. ఆయన కొలువు చాలించిన పిమ్మట కుటుంబము విశాఖపట్టణమున స్థిరపడెను. బాలునకు దృష్టి మందము; చూపు చాలక పాఠశాల చదువు సాగదయ్యెను. అంతట అన్నగారగు వేంకటకృష్ణయ్యగారు తమ్మునికి ఫిడేలు నేర్పిరి. కన్నులు చేయజాలని పనిని చెవియు చేయియు చేయ మొదలిడెను. పగలును రేయియు సాధనయే ఆ బాలునకు లోకమయ్యెను.

1919లో విజయనగర మహారాజావారు సంగీత కళాశాలను స్థాపింపగా, ఆదిభట్ల నారాయణదాసుగారు దానికి ప్రథమాధ్యక్షులైరి. నాయుడుగారు అచట శిష్యుడుగా చేరగోరి పోగా, దాసుగారు వారి వాద్యమును విని, విద్యార్థిగా గాక ఆచార్యునిగా నియమించిరని చెప్పుదురు. అప్పటికి నాయుడుగారికి ఇరువదియారేండ్లు. 1936లో వారే ఆ కళాశాలకు అధ్యక్షులైరి.

ఫిడేలు ఐరోపానుండి వచ్చిన వాద్యము. అచటి పెద్ద వాద్యబృందములలో దానిదే అగ్రస్థానము. మన కచేరీలలో మాత్ర మది గాయకుని ప్రక్కన కూర్చుండి, ఆయన పాడినదానిని అనుసరించు పక్కవాద్యముగానే నిలిచెను. నాయుడుగారు కమానును నిడుపుగా, నిండుగా నడపి, తీగెలచే గాత్రమువలె పాడించిరి. 1938లో వేలూరున వారు గాయకుడు లేకయే ఫిడేలును ప్రధానవాద్యముగ కచేరి జరిపిరి. అనుసరించు వాద్యమునకు నడుమ పీఠము దక్కెను.

1941లో మద్రాసు సంగీత విద్వత్సభ వారికి సంగీత కళానిధి బిరుదము నొసగెను. 1952లో జగద్విఖ్యాత వైణికుడు కాదు గాని ఫిడేలు విద్వాంసుడగు యెహూదీ మెనూహిన్ మద్రాసున న్యాయమూర్తి రాజమన్నారుగారి గృహమున వారి వాద్యమును విని మిక్కిలి మెచ్చుకొనెను. 1957లో పద్మశ్రీ లభించెను. ఇంత గౌరవము నందియు, అంధుల సహాయనిధికై కచేరి చేయుట వారు మరువలేదు. 1964 నవంబరు 25వ తేదీన మద్రాసున స్వర్గస్థులైరి. 1993లో, శతజయంతి సందర్భమున, భారత తపాలాశాఖ వారి పేర బిళ్ళను వెలువరించెను.

బాలబాలికలారా! పాఠశాల తలుపు మూసికొన్న నాడు ఆ బాలుడు నిరాశ చెందలేదు; తనకు మిగిలిన శక్తినే సానబట్టి, తుదకొక కళాశాలకు పెద్దయయ్యెను. మన తరగతులలో వెనుకబడిన తోడివిద్యార్థిని చూచి నవ్వబోవునపుడు ఈ చరిత్రమును తలంచుకొందము గాక!