చేర్చుకుంటే చాలదు: భాగ్యరెడ్డి వర్మ బడుల పాఠం

మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతాలను ఉన్నత విద్యకు చిరునామాగా చెప్పుకోవడం ఇప్పుడు పరిపాటి. 1998లో ఏర్పడిన నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం, 2008లో మొదలైన బిట్స్ పిలానీ హైదరాబాద్ ప్రాంగణం శామీర్‌పేట పరిసరాల్లోనే ఉన్నాయి. మేడ్చల్ దారి పొడవునా ఇంజినీరింగ్ కళాశాలల బస్సులు బారులు తీరుతాయి. అయితే ఆ ప్రహరీగోడల పక్కనున్న పల్లెల్లో, కాలనీల్లో పుట్టిన దళిత, బహుజన పిల్లల్లో ఎక్కువమంది చేరేది సాధారణ డిగ్రీ కళాశాలల్లో. వారిలో చాలామంది తమ ఇంట్లో కళాశాల గడప తొక్కిన తొలి తరం. మధ్యాహ్నం దాకా తరగతి, ఆ తర్వాత గోదాములోనో, పరిశ్రమలోనో, డెలివరీ బండి మీదనో పని. మొదటి సెమిస్టర్‌లో నిండుగా కనిపించిన బెంచీలు మూడో సెమిస్టర్ నాటికి పలుచబడతాయి. వెళ్లిపోయినవారు చెప్పి వెళ్లరు. హాజరు పట్టీలో పేరు మాత్రం మిగిలి ఉంటుంది.

ఆ ఖాళీ బెంచీకి విద్యార్థి అశ్రద్ధే కారణమని తేల్చేయడం సులువు. వందేళ్ల క్రితం ఇదే హైదరాబాద్‌లో అంటరాని కులాల పిల్లల గురించి సమాజం సరిగ్గా ఇలాగే తేల్చేసింది. ఆ తీర్పును అంగీకరించని మనిషి భాగ్యరెడ్డి వర్మ. ఆయనను సంఘ సంస్కర్తగా, ఆది హిందూ ఉద్యమ నిర్మాతగా స్మరిస్తాం. విద్యార్థి అవసరాలను లోతుగా అర్థం చేసుకున్న విద్యావేత్తగా ఆయనను చదవడం మాత్రం ఇంకా మొదలుపెట్టలేదు.

1888 మే 22న హైదరాబాద్‌లో ఒక మాల కుటుంబంలో మాదరి భాగయ్య జన్మించాడు. చిన్ననాడే తండ్రిని పోగొట్టుకున్నాడు. పేదరికం ఆయనను సికింద్రాబాద్‌లోని ఒక క్రైస్తవ న్యాయవాది ఇంట పనివాడిగా చేర్చింది. ఆ ఇంట్లో పుస్తకాలు, పత్రికలు అందుబాటులోకి వచ్చాయి. చదువుకోమని ప్రోత్సహించిన యజమాని దొరకడం ఆయన అదృష్టం. అయితే ఒక తరం భవిష్యత్తు అలాంటి అదృష్టాల మీద ఆధారపడకూడదన్న ఎరుక ఆయన తర్వాతి కృషి అంతటా కనిపిస్తుంది. కుటుంబ గురువు ఆయన పేరును భాగ్యరెడ్డిగా మార్చాడు. ఈ నేలకు ఒకనాటి పాలకులు తామేనన్న భావన ఆ పేరు వెనుక ఉంది. 1913లో ఆర్యసమాజం ఇచ్చిన వర్మ బిరుదు దానికి తోడైంది.

1906లో ఆయన జగన్మిత్ర మండలిని స్థాపించాడు. అక్షరం రాని శ్రోతల దగ్గరకు కరపత్రాలతో వెళ్లి లాభం లేదని గుర్తించి, హరికథలను, కథాగానాన్ని సాధనంగా చేసుకున్నాడు. 1911లో ఆ సంస్థ మాన్య సంఘంగా, 1920ల తొలినాళ్లలో ఆది హిందూ సోషల్ సర్వీస్ లీగ్‌గా రూపాంతరం చెందింది. తాగుడు, జోగినీ ఆచారం, బాల్యవివాహాలు, అప్పులు చేసి జరిపే ఆడంబరాల మీద ఆయన సాగించిన ప్రచారాన్ని కేవలం నైతిక బోధగా చూడడం పొరపాటు. ఇంటి ఆదాయం ఎటు పోతుందో, ఆడపిల్ల బాల్యం ఏమవుతుందో తేలకుండా ఆ ఇంటి బిడ్డ బడిలో నిలవదని ఆయన ఆచరణ చెబుతుంది.

1910లో ఇసామియా బజార్, లింగంపల్లి ప్రాంతాల్లో ఆయన తొలి బడులను తెరిచాడు. నిజాం రాజ్యంలో రాజభాష ఉర్దూ. ప్రభుత్వ విద్యలోనూ దానిదే పెద్దపీట. ఇంట్లో తెలుగు మాట్లాడే దళిత శిశువుకు కులం మొదటి గోడ అయితే, భాష రెండో గోడ. వర్మ బడుల్లో బోధన తెలుగులో సాగింది. బడి పిల్లల వాడలకు దగ్గరగా వచ్చింది. ఆ బడుల్లో బిడ్డ వెలివేతకు గురికాలేదు. దూరం, భాష, అవమానం అనే మూడు అడ్డంకులను ఒకేసారి తొలగించాలన్న అవగాహన ఆ బడుల నిర్మాణంలోనే ఉంది. 1930ల ఆరంభానికి ఆ పాఠశాలలు పాతికకు చేరాయి. విద్యార్థుల సంఖ్య సుమారు 2,500. సర్కారు ఖజానా అండ లేకుండా మొదలైన ప్రయత్నానికి అది చిన్న సంఖ్య కాదు.

పేరు కూడా విద్యార్థి అవసరమేనని గ్రహించడం వర్మ ప్రత్యేకత. 1917లో విజయవాడలో జరిగిన పంచమ మహాసభకు ఆయన అధ్యక్షత వహించాడు. పంచములన్న మాటను తిరస్కరించి, ఆది ఆంధ్రులన్న పేరుతో ఆ సభ సాగింది. 1922లో మద్రాసు ప్రభుత్వం పాత నిందార్థకాల స్థానంలో ఆది ఆంధ్ర, ఆది ద్రావిడ పదాలను అధికారికంగా స్వీకరించింది. 1931 జనగణనలో హైదరాబాద్ రాజ్యం ఆది హిందువులన్న పేరును నమోదు చేసింది. హాజరు పట్టీలో పిలిచే పేరు తిట్టుగా ఉన్నంతకాలం పాఠం చెవికెక్కదు. అదే 1931లో ఆయన భాగ్యనగర్ పత్రికను ప్రారంభించాడు. రౌండ్ టేబుల్ సమావేశాల కాలంలో అణగారిన వర్గాల ప్రతినిధిగా అంబేద్కర్‌ను బలపరిచాడు. క్రమంగా బౌద్ధం వైపు మొగ్గాడు. 1939 ఫిబ్రవరి 18న కన్నుమూశాడు.

ఈ జీవితానికి పరిమితులూ ఉన్నాయి. ఆయన ఉద్యమం ప్రధానంగా నగరంలోనే వేళ్లూనింది. నాయకత్వంలో మాలల ప్రాబల్యం ఉందన్న అసంతృప్తితో మాదిగలు అరుంధతీయుల పేరిట వేరుగా సంఘటితమయ్యారు. ఎస్సీ వర్గీకరణ 2025లో తెలంగాణలో చట్టమైన నేపథ్యంలో ఈ చరిత్రను దాచిపెట్టడం తగదు. అణగారినవారందరి కష్టం ఒకే కొలతకు లొంగదని, ఎవరు ఏ మెట్టు దగ్గర ఆగిపోతున్నారో విడిగా చూడాలని అది హెచ్చరిస్తుంది.

వర్మ జీవిత చరమాంకంలో ఆ బడులను నిజాం ప్రభుత్వం స్వీకరించింది. అది ఉద్యమ విజయమే. రాజ్యం చేయవలసిన పనిని రాజ్యం చేత చేయించడమే దాని సారాంశం. అయితే జీతాలను, భవనాలను ఒక ఉత్తర్వుతో బదిలీ చేయవచ్చు గానీ, వాడకూ బడికీ మధ్య పెరిగిన అనుబంధాన్ని బదిలీ చేయడం సాధ్యం కాదు. పిల్లవాడు రెండు రోజులు రాకపోతే ఇంటికి వెళ్లి అడిగే మనిషి ఏ ప్రభుత్వ పద్దులోనూ కనిపించడు. నేటి ఉన్నత విద్యా సంక్షోభం మూలం ఇక్కడే ఉంది.

మన రాజ్యం చేర్చుకోవడం నేర్చింది. ఎస్సీ విద్యార్థుల పోస్ట్‌మెట్రిక్ ఉపకారవేతనం 1944లోనే మొదలైంది. ఉమ్మడి రాష్ట్రంలో 2008లో ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చింది. 2016 నుంచి దోస్త్ ద్వారా డిగ్రీ ప్రవేశాలు ఇంటి నుంచే సాధ్యమయ్యాయి. 2023 డిసెంబరు 9 నుంచి ఆడపిల్లలకు ఆర్టీసీ ప్రయాణం ఉచితమైంది. ఇవన్నీ పోరాటాల ఫలితాలు. వీటిని తక్కువ చేయడం అన్యాయం. కానీ చేరిన తర్వాత ఏమిటి? రీయింబర్స్‌మెంట్ బకాయిలు పేరుకుపోతే ప్రైవేటు కళాశాలల ఒత్తిడి చివరికి విద్యార్థి మీదే పడుతుంది. ఫీజు కడితేగానీ టీసీ, మెమోలు చేతికి రావు. ఇల్లు గడవడానికి షిఫ్టు పని చేసేవాడికి హాజరు తగ్గుతుంది. హాజరు తగ్గితే ఉపకారవేతనం ఆగుతుంది. అది ఆగితే మరో షిఫ్టు. ఈ వలయంలోకి తోసి, అతడిని బాధ్యత లేనివాడంటున్నాం. తెలుగు మాధ్యమం నుంచి వచ్చినవాడు ఆంగ్ల పాఠ్యం ముందు మౌనంగా కూర్చుంటే ప్రతిభ లేదంటున్నాం. ఉర్దూ గోడ స్థానంలో ఇంగ్లిష్ గోడ వచ్చింది. వర్మ లాంటి ప్రయత్నమే రాలేదు.

చేయవలసినవి అసాధ్యాలు కావు. మేడ్చల్, శామీర్‌పేట పరిసరాల్లో పనిచేస్తూ చదివేవారికి వీలైన సమయాల్లో తరగతులు పెట్టాలి. మొదటి ఏడాదంతా తెలుగు నుంచి ఇంగ్లిష్‌కు నడిపించే బోధన ఉండాలి. కళాశాలల్లో చేరిన నగర శివారు పిల్లలకు సరిపడా వసతిగృహాలు కావాలి. బకాయిల పేరుతో ధ్రువపత్రాలు ఆపడాన్ని కచ్చితంగా నిలువరించాలి. మానేసినవారి లెక్కలను కులం, ఉపకులం, లింగం వారీగా ప్రతి కళాశాలా ఏటా ప్రకటించాలి. అన్నింటికీ మించి, రాని విద్యార్థి ఇంటికి వెళ్లి తలుపు తట్టే బాధ్యతను ఎవరికో ఒకరికి ఉద్యోగంగా అప్పగించాలి. ఆ ప్రాంతంలోని జాతీయ స్థాయి విద్యాసంస్థలు తమ గ్రంథాలయాలను, అధ్యాపకులను పక్క ఊరి డిగ్రీ విద్యార్థికి కొంతైనా అందుబాటులోకి తెస్తే అది దానం కాదు, బాధ్యత.

మే 22న వర్మ జయంతి వచ్చేనాటికి డిగ్రీ ప్రవేశాల హడావుడి ఉంటుంది. ఎన్ని సీట్లు నిండాయన్నదే అప్పుడు ప్రధాన వార్త. ఆయన విగ్రహానికి దండ వేసే చేతులు, మూడేళ్ల కిందట చేరినవారిలో ఎందరు పట్టాతో బయటికి వచ్చారో కూడా లెక్కించాలి. వాడలో బడి పెట్టినవాడి వారసత్వానికి అదే అసలు పరీక్ష.