ఖైరున్నీసా పుట్టింటి పేరు

ఉస్మాన్‌గంజ్ నుంచి కోఠి మహిళా విశ్వవిద్యాలయం వైపు వెళ్లినప్పుడల్లా మాకు ఖైరున్నీసా గుర్తొస్తారు. అక్కడి రెసిడెన్సీ భవనాన్ని కట్టించిన జేమ్స్ అకిలీజ్ కిర్క్‌పాట్రిక్ భార్య ఆమె. ఆమె ఇంటిపేరు వెదికేవారికి నిరాశే. తండ్రి మెహదీ యార్ ఖాన్, తల్లి షరఫున్నీసా, తల్లికి తండ్రి బాకర్ అలీ ఖాన్. దొరికే ఆనవాళ్లు ఇవే. ఖాన్ కూడా బిరుదే. మత్తయి వంశావళిలో బత్షెబ సైతం ఊరియా భార్యగానే కనబడుతుంది కదా!

1805లో పసిబిడ్డలిద్దరినీ ఇంగ్లండు పంపారు. 1806లో లండన్‌లో బాప్తిస్మమిచ్చినప్పుడు సాహెబ్ ఆలం విలియం జార్జ్ అయ్యాడు, సాహెబ్ బేగం కేథరిన్ అరోరా అయింది. తల్లి వారిని మళ్లీ చూడకుండానే 1813లో హైదరాబాదులో కన్నుమూశారు. పెద్దయ్యాక కేథరిన్ అమ్మమ్మ జాడ తెలుసుకొని ఉత్తరాలు రాసింది. ఆమె ఇంగ్లీషులో రాస్తే, షరఫున్నీసా పారసీలో జవాబిచ్చేవారు.