జాక్సన్ హేన్స్

జాక్సన్ హేన్స్ 19వ శతాబ్దానికి చెందిన అమెరికన్ నర్తకుడు, మంచు స్కేటింగు కళాకారుడు. మంచు మీద గీతలు గీసే విద్యగా ఉన్న ఫిగర్ స్కేటింగును సంగీతంతో కలిసి సాగే నృత్యంగా మార్చినందున ఇతడిని ఆధునిక ఫిగర్ స్కేటింగుకు పితామహుడిగా పరిగణిస్తారు. పట్టీలతో కాలికి కట్టుకునే బ్లేడుకు బదులు, బూటు అడుగుకు మరలతో శాశ్వతంగా బిగించిన ఉక్కు బ్లేడును వాడడం ఇతడు తెచ్చిన ముఖ్యమైన మార్పు. స్వదేశంలో తగిన ఆదరణ లభించక ఐరోపాకు వెళ్ళి, వియన్నా నగరంలో గొప్ప పేరు పొంది, 1875లో ఫిన్లాండులో మరణించాడు.

తొలి జీవితం

హేన్స్ న్యూయార్కులో జన్మించాడు. జన్మ సంవత్సరం 1838 అని కొన్ని గ్రంథాలలోను, 1840 అని మరికొన్నింటిలోను ఉంది. ఇతడు మొదట నేర్చినది నాట్యం. బ్యాలే నర్తకుడిగా, నాట్యాచార్యుడిగా జీవనం సాగించాడు. తరువాతి కాలంలో ఇతడు మంచు మీద చేసినవాటిలో చాలా భాగం ఈ శిక్షణ నుండి వచ్చినవే.

1858 చివరలో న్యూయార్కు సెంట్రల్ పార్కులోని సరస్సును స్కేటింగు కొరకు ప్రజలకు తెరిచారు. ఆ తరువాత అమెరికాలో ఈ వినోదం వేగంగా వ్యాపించింది. అయితే నాటి స్కేటర్ల దృష్టి అంతా మంచు మీద మిగిలే గీత పైనే ఉండేది. నక్షత్రాలు, వలయాలు, అల్లికలు, అక్షరాలు ఎంత స్పష్టంగా చెక్కగలిగితే అంత నేర్పరిగా లెక్క. ఫిగర్ స్కేటింగు అనే పేరు కూడా ఈ ఆకృతుల నుండి వచ్చినదే. చేతులు, నడుము, తల ఎలా ఉన్నాయన్నది ఎవరికీ పట్టేది కాదు. దేహమంతటితో నాట్యం చేస్తూ స్కేటింగు చేసే హేన్స్ పద్ధతి అటువంటివారికి ఆడంబరంగా తోచింది.

నాటి స్కేట్లు, హేన్స్ చేసిన మార్పు

తెలుగు పాఠకులకు స్కేటింగు అనగానే చక్రాల స్కేట్లు గుర్తుకు రావచ్చు. మంచు స్కేటుకు చక్రాలు ఉండవు, అడుగున నిలువుగా ఒక ఉక్కు బ్లేడు ఉంటుంది. 19వ శతాబ్దపు మధ్యకాలం వరకు ఈ బ్లేడును ఒక చెక్కదిమ్మెకు అమర్చి, ఆ దిమ్మెను మామూలు బూటు కింద తోలు పట్టీలతో కట్టుకునేవారు. మడమలోకి ఒక మర దిగే ఏర్పాటు కూడా కొన్నింటికి ఉండేది. 1850 ప్రాంతంలో అమెరికాలో లోహపు కొక్కేలతో బూటును పట్టుకునే ఉక్కు స్కేట్లు వచ్చాయి.

వీటన్నింటిలోను ఒకే లోపం ఉంది. పట్టీ ఎంత బిగించినా కొంతసేపటికి వదులై, బ్లేడు పాదం కింద పక్కకు కదిలేది. మరీ బిగిస్తే పాదంలో రక్తప్రసరణ ఆగి తిమ్మిరెక్కేది. నిదానంగా గీతలు గీయడానికి ఈ స్కేట్లు చాలేవి కాని, గాలిలోకి ఎగిరి ఒంటికాలిపై దిగడానికి, ఒకే చోట వేగంగా గిరగిర తిరగడానికి వీటిని నమ్ముకోవడం ప్రమాదం.

హేన్స్ బ్లేడును లోహపు పలకల సాయంతో బూటు అరికాలికి, మడమకు నేరుగా మరలతో బిగించాడు. దీనితో బూటు, బ్లేడు ఒకే వస్తువుగా మారి, పాదం ఎటు వంగితే బ్లేడు అటే వంగేది. వినడానికి చిన్న మార్పే అయినా, నర్తకుడు తన పాదాన్ని నమ్మినట్లు స్కేటరు తన బ్లేడును నమ్మగలిగింది దీని వల్లనే. ఈ స్కేట్లతోనే ఇతడు సిట్ స్పిన్ అనే విన్యాసాన్ని రూపొందించాడు. ఇందులో స్కేటరు ఒక మోకాలు పూర్తిగా వంచి, రెండవ కాలు ముందుకు చాచి, దాదాపు కూర్చున్న భంగిమలో ఒంటికాలిపై తిరుగుతాడు. పాత స్కేటింగు పుస్తకాలలో దీనిని హేన్స్ పేరుతోనే పిలిచేవారు.

ఐరోపా ప్రయాణం

1860వ దశకం మధ్యలో హేన్స్ తన భార్యాపిల్లలను అమెరికాలోనే ఉంచి ఐరోపాకు ప్రయాణమయ్యాడు. మొదట వెళ్ళిన ఇంగ్లండులో ఇతడికి నిరాశే ఎదురైంది. అక్కడి స్కేటర్లు నిటారుగా నిలబడి, చేతులు పక్కలకు ఆనించి, మంచు మీద మధ్యలో ఉంచిన ఒక నారింజపండు చుట్టూ పలువురు కలిసి పెద్ద పెద్ద వలయాలు గీసేవారు. దేహాన్ని కదపకపోవడమే అక్కడ మర్యాద. సంగీతానికి అడుగులు వేసే ఈ అమెరికన్‌ను వారు కళాకారుడిగా అంగీకరించలేదు.

స్టాక్‌హోమ్, సెయింట్ పీటర్స్‌బర్గ్ వంటి ఉత్తరాది నగరాలలో మాత్రం ప్రేక్షకులు బాగా వచ్చారు. ఇతడికి అసలైన గౌరవం లభించినది వియన్నాలో. అక్కడి స్కేటింగు సంఘం 1867లో ఏర్పడింది. 1868లో ఆ నగరంలో హేన్స్ ఇచ్చిన ప్రదర్శనలు సంచలనం కలిగించాయి. వాల్ట్‌జ్ సంగీతం ఇంటింటా మ్రోగుతున్న నగరమది. వాల్ట్‌జ్‌లకు, మజూర్కాలకు, మార్చ్‌లకు తగినట్లు మంచు మీద నర్తించే వ్యక్తిని వియన్నా ప్రజలు వెంటనే తమవాడిగా భావించడంలో ఆశ్చర్యం లేదు. ఇతడు అక్కడ శిష్యులకు శిక్షణ ఇచ్చాడు. వారి ద్వారా వియన్నా శైలి అనే సంప్రదాయం ఏర్పడింది.

మరణం

హేన్స్ 1875లో ఫిన్లాండు పశ్చిమ తీరంలోని గామ్లాకార్లేబీ పట్టణంలో మరణించాడు. ఆ పట్టణాన్ని ఇప్పుడు కొక్కోలా అంటారు. ఫిన్లాండు అప్పుడు రష్యా సామ్రాజ్యంలో భాగంగా ఉండేది. పాత పుస్తకాలలో మరణ సంవత్సరం వేరుగా కూడా కనిపిస్తుంది. సెయింట్ పీటర్స్‌బర్గ్ నుండి స్టాక్‌హోమ్‌కు మంచుబండిలో వెళ్తూ తుఫానులో చిక్కుకొని న్యుమోనియాతో మరణించాడన్న కథ బాగా ప్రచారంలో ఉంది. క్షయవ్యాధి కారణమని మరో కథనం. ఏదైనా అప్పటికి ఇతడి వయస్సు నలభై దాటలేదు. కొక్కోలాలోనే సమాధి చేశారు. సమాధిరాయి మీద ఇతడిని అమెరికన్ స్కేటింగు రాజుగా పేర్కొన్నారు. అమెరికా ఇతడికి ఆ స్థానం ఇవ్వడానికి మరికొన్ని దశాబ్దాలు పట్టింది.

తరువాతి ప్రభావం

1882లో వియన్నాలో జరిగిన పెద్ద అంతర్జాతీయ పోటీలో వియన్నా శైలికి చెందిన లియోపోల్డ్ ఫ్రే ప్రథమ స్థానం పొందాడు. మూడవ స్థానం పొందిన నార్వే దేశస్థుడు ఆక్సెల్ పాల్సెన్ ప్రదర్శించిన దుముకుకే నేడు ఆక్సెల్ అని పేరు. 1892లో అంతర్జాతీయ స్కేటింగు సమాఖ్య ఏర్పడింది. మొదటి ప్రపంచ ఛాంపియన్‌షిప్పు 1896లో, హేన్స్ ఒకప్పుడు ప్రదర్శనలిచ్చిన సెయింట్ పీటర్స్‌బర్గ్‌లోనే జరిగింది.

అమెరికాకు ఈ శైలి తిరిగి వచ్చినది 20వ శతాబ్దంలో. 1908 ఒలింపిక్సులో పాల్గొన్న ఇర్వింగ్ బ్రోకా వంటివారు దానిని ఐరోపాలో నేర్చి స్వదేశంలో ప్రచారం చేశారు. అంతర్జాతీయ శైలిలో అమెరికా జాతీయ పోటీలు 1914లో న్యూహేవెన్‌లో మొదలయ్యాయి. అప్పటికి దానిని విదేశీ శైలిగానే భావించేవారు. 1976లో హేన్స్ పేరును ప్రపంచ ఫిగర్ స్కేటింగు హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చారు.

నేటి బూట్లు, బ్లేడ్లు

హేన్స్ నాటి సూత్రమే నేటి ఫిగర్ స్కేట్లలోను కొనసాగుతోంది. ప్రారంభదశలో వాడే స్కేట్లకు బ్లేడు ముందే బిగించి ఉంటుంది. కొంత నైపుణ్యం వచ్చినవారు బూటును, బ్లేడును విడివిడిగా కొని నిపుణుడి చేత బిగింపించుకుంటారు. పెద్ద వయస్సులో నేర్చుకుంటూ ముందుకు సాగే స్కేటర్లకు ఈ దశలోనే సందేహాలు ఎక్కువ.

మొదట చూడవలసినది బూటు బిగువు. మామూలు చెప్పుల కొలత ఇక్కడ పనికిరాదు. పాదం పొడవుతో పాటు వెడల్పును కూడా విడిగా కొలవాలి. మోకాలు వంచినప్పుడు మడమ లోపల పైకి లేవకూడదు. లేచిందంటే, పట్టీల కాలంలో బ్లేడు కింద కదిలినట్లే ఇప్పుడు పాదం లోపల కదులుతున్నదని అర్థం. పిల్లలకు పెరుగుతారని ఒక సైజు పెద్దది కొనే అలవాటు స్కేట్ల విషయంలో హాని చేస్తుంది.

రెండవది బూటు గట్టితనం. పెద్దవారి బరువు ఎక్కువ కనుక అదే స్థాయిలో ఉన్న పిల్లల బూటు కంటే కొంత గట్టిది అవసరం. అలాగని గాలిలో రెండు మూడు చుట్లు తిరిగి దూకేవారి కోసం చేసిన బూటు కొంటే చీలమండ వంగదు. చీలమండ వంగకపోతే మోకాలు తగినంత వంగదు. హేన్స్ కనిపెట్టిన సిట్ స్పిన్‌లో కిందికి దిగడమే సాధ్యపడదు. ఖరీదైనదే మేలైనదన్న భావన ఇక్కడ చెల్లదు.

బ్లేడు మందం సుమారు 4 మిల్లీమీటర్లు. దాని అడుగున పొడవునా ఒక సన్నని గాడి ఉండి, ఇరువైపులా రెండు అంచులు ఏర్పడతాయి. స్కేటరు ఎక్కువగా నిలిచేది ఈ అంచులలో ఒకదానిపైనే. పక్క నుండి చూస్తే బ్లేడు కొద్దిగా వంపుగా ఉంటుంది. ఈ వంపు సాధారణంగా 7 లేదా 8 అడుగుల వ్యాసార్ధం గల వృత్తంలో భాగం. వంపు మారితే స్పిన్‌లో నిలిచే చోటు కూడా మారుతుంది గనుక కొత్త వంపుకు అలవాటు పడడానికి కొంతకాలం పడుతుంది.

బిగించేటప్పుడు నిపుణులు మొదట కొన్ని మరలను మాత్రమే పొడవాటి రంధ్రాలలో పెడతారు. స్కేటరు మంచు మీద కొన్నాళ్ళు వాడి చూసిన తరువాత, పాదం ఒక పక్కకు ఒరుగుతుంటే బ్లేడును కొద్దిగా లోపలికో బయటికో జరుపుతారు. సరిపోయిందని తేలిన తరువాతనే మిగిలిన మరలను బిగిస్తారు.